గుడ్లు తెచ్చేలోపల

కుప్పమ్మ వేళ్ళకు చదువు వచ్చు, కుప్పమ్మకు రాదు. కాగితం ఇస్తే వేలిముద్ర వేస్తుంది. కానీ విరిగిన చెయ్యో కాలో ముందు పెడితే, తోలు మీద వేళ్ళు ఒకసారి అలా నడిపించి, ఎక్కడ విరిగింది, ఎన్ని ముక్కలయింది, ఎట్లా విరిగింది అన్నీ చెప్పేస్తుంది. చెప్పేస్తుంది అన్నాను గానీ, చెప్పదు. తెలుసుకుని ఊరుకుంటుంది. ఊరుకోవడం మానేసిన సంవత్సరం సంగతే ఇప్పుడు చెప్పబోయేది.

పుత్తూరు పేరు చెబితే చాలు, నాలుగు జిల్లాల్లో ఎవరైనా ఎముకల కట్టు అంటారు. పెద్ద పేరున్న కట్టు ఇళ్ళు ఊళ్ళో వేరే ఉన్నాయి. మునివెంకటప్పది ఊరికి ఇవతల, రోడ్డు దిగి లోపలికి పావుగంట నడిస్తే వచ్చే చిన్న ఇల్లు. ముందొక రేకుల వసారా, వసారాలో రెండు నులకమంచాలు. మగవాళ్ళకు ఆయన కడతాడు. ఆడవాళ్ళకూ పిల్లలకూ కుప్పమ్మ కడుతుంది. ఎముక సరిచేసి, నూరిన ఆకులో గుడ్డుసొన కలిపి పట్టించి, గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి, మళ్ళీ గుడ్డ చుడతారు. ఎనిమిది రోజులకొక కట్టు చొప్పున మూడు కట్లు. మూడోది విప్పిన రోజు చెయ్యి ఊపుకుంటూ ఇంటికి పోవచ్చు.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఎట్లా విరిగింది అని ఒక్కసారే అడుగుతారు. చెట్టు మీద నుంచి పడ్డానంటే చెట్టు, మిద్దె మెట్లంటే మెట్లు. రెండోసారి అడగరు. పెద్దాసుపత్రిలో అయితే అడిగినదే అడుగుతారు, రాసుకుంటారు, ఒక్కోసారి పోలీసును పిలుస్తారు. ఆ బాధ లేదనే సగం మంది ఇక్కడికి వస్తారు. "మన చెయ్యి ఎముక దాకానే. వాళ్ళ ఇంటి దాకా పోగూడదు," అంటాడు మునివెంకటప్ప. ఆయన తండ్రీ అదే అన్నాడట.

ఆ ఆచారం రుచి కుప్పమ్మకు బాగా తెలుసు. ఇరవై రెండేళ్ళ వయసులో ఎడమ మణికట్టు విరగ్గొట్టించుకుని ఇదే వసారాలో కూర్చుంది. "కళ్ళంలో జారి పడినానన్నా," అని చెప్పింది. మునివెంకటప్ప సరేనన్నాడు, కట్టు కట్టాడు, మొగుడి వెంట పంపాడు. ఏడాదికి అదే మణికట్టుతో మళ్ళీ వచ్చింది. మళ్ళీ కళ్ళమే. ఈసారి కట్టు విప్పాక ఇంటికి పోలేదు. ఆకు నూరతానని ఉండిపోయింది. ఎందుకుంటున్నావని కూడా ఆయన అడగలేదు. అన్నం పెట్టాడు, పని నేర్పాడు. మంచివాడే. ఒక్క మాట అడగనివాడు.

తొంభై ఏడులో, బడులు తెరిచిన కొత్తలో, వడమాలపేట నుంచి గంగాధరం అనే టైలరు తన కూతుర్ని ఎత్తుకుని వచ్చాడు. పిల్ల పేరు జాహ్నవి, ఏడేళ్ళు. కుడిచెయ్యి భుజం కింద వేలాడుతోంది. తండ్రి మెడలో టేపు అలాగే ఉంది, మిషను మీద నుంచి లేచి పరుగున వచ్చినట్టుంది. కళ్ళనిండా నీళ్ళు.

"ఎట్ల విరిగింది నాయనా?" అంది కుప్పమ్మ.

"జామచెట్టెక్కింది పెద్దమ్మా. సెప్తే ఇనదు. కొమ్మతో పాటు కింద పడిపోయింది."

ఒకసారి అడగడం అయిపోయింది. కుప్పమ్మ చేతి మీద వేళ్ళు పెట్టింది. చెట్టు మీద నుంచి పడేవాళ్ళు అరచెయ్యి ముందుకు చాస్తారు. మణికట్టు పోతుంది, లేదంటే మోచెయ్యి పోతుంది. ఇక్కడ రెండూ చెక్కుచెదరలేదు. భుజానికీ మోచేతికీ నడుమ ఎముక మెలితిరిగి విరిగింది, తడిగుడ్డ పిండినట్టు. చేతిని పక్కకు తిప్పి చూస్తే లోపలివైపు నాలుగు మచ్చలు, పచ్చబడినవి, వేళ్ళంత వెడల్పువి. ఈ రోజువి కావు.

ఎముక సరిచేస్తుంటే పిల్ల అరవలేదు. అంతకంటే భయపెట్టే సంగతి కట్టు కట్టేవాళ్ళకు ఇంకొకటి లేదు. ఏడేళ్ళ పిల్ల అరవాలి, కొరకాలి, తిట్టాలి. ఈ పిల్ల కళ్ళు మూసుకుని పెదవి కరుచుకుంది. తండ్రి మాత్రం గోడవైపు తిరిగి ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చాడు. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. అదే కుప్పమ్మకు అర్థం కాలేదు. పోయేటప్పుడు బన్ను కొనిచ్చాడు, ఎండ తగలకుండా తలకు తుండు కప్పాడు. వసారాలో ఉన్నవాళ్ళంతా, "ఏం తండ్రప్పా, బంగారం," అన్నారు.

కుప్పమ్మకు ఆ రోజు అన్నం సయించలేదు. నోరు తెరిచి అడిగేయవచ్చు కదా అంటారేమో. ఒకసారి అడిగింది, పదేళ్ళ కిందట. వంశీ అని ఆరేళ్ళ పిల్లవాడు. వాడి చెయ్యి చూడగానే ఒళ్ళు మండి, నిండు వసారాలో, "ఎవుర్రా ఈ బిడ్డను కొట్టింది?" అని కేకేసింది. వాడి తండ్రి సగం చుట్టిన కట్టుతోనే పిల్లవాణ్ణి ఈడ్చుకుపోయాడు. మళ్ళీ రాలేదు. రెండేళ్ళ తర్వాత ఆ ఊరి ముసలామె ఒకతె నడుం నొప్పికి వచ్చి చెప్పింది, పిల్లవాడు రేణిగుంటలో రైలెక్కి ఎటో పోయాడట, దొరకలేదట, చెయ్యి వంకరగానే ఉండేదట. ఆ మాట విన్నప్పటి నుంచి కుప్పమ్మ నోరు కుట్టేసుకుంది. అడక్కపోతే ఒక పాపం, అడిగితే ఇంకో పాపం. ఎట్లా అడగాలో మాత్రం ఎవరూ నేర్పలేదు.

ఎనిమిదో రోజు తెల్లవారి లేచింది మొదలు కుప్పమ్మ రోడ్డువైపే చూస్తోంది. వస్తారా, రారా? పది గంటలకు వచ్చారు. పిల్ల మెడలో కొత్త జోలె ఉంది, చెయ్యి వేలాడకుండా. తండ్రే కుట్టాడు. నీలం గుడ్డకు ఎర్ర అంచు, మూలలో పువ్వు. అందరూ పట్టుకుని చూసి మెచ్చుకున్నారు. కుప్పమ్మ కూడా మెచ్చుకుంది. 

కట్టు విప్పి ఆకుముద్ద ముందు పెట్టుకుంది. గుడ్లబుట్ట మంచం కిందే ఉంది, ఇంటి కోళ్ళు పెట్టినవి, పదికి తక్కువ లేవు. ఏం తోచిందో ఏమో, ఆ బుట్టను కాలితో లోపలికి తోసింది.

"అయ్యో, గుడ్లయిపోయినాయి నాయనా. రోడ్డు మింద అంగిట్లో నాలుగు తెచ్చుకోని రా. ఆకు ఆరిపోతాది, బిరీన పో."

గంగాధరం పరుగున పోయాడు. పోయి రావడానికి అరగంట. కుప్పమ్మ పిల్ల ఎదురుగా కూర్చుంది. ఏమని మొదలుపెట్టాలో తెలియక ఆకుముద్ద అటూ ఇటూ పిసికింది. అంతలో పిల్లే వంగి మంచం కిందకు చూసింది.

"గుడ్లు ఆడుండాయి గదవ్వా?"

దొరికిపోయింది కుప్పమ్మ. ఏడేళ్ళ పిల్ల ముందు యాభై ఏళ్ళ మనిషికి ముఖం చెల్లలేదు. నిజమే చెప్పింది. "ఉండాయి. మీ నాయన కొంచేపు ఎలుపుకు పోవాలని అబద్ధం సెప్పినా. ఎవురికీ సెప్పగాకు."

పిల్ల కాలితో బుట్టను ఇంకొంచెం లోపలికి తోసింది. తర్వాత చాలా మెల్లగా, అప్పు తీర్చేసినట్టుగా అంది.

"మా ఇంట్లో జామచెట్టు లేదవ్వా."

కుప్పమ్మ ఆకు అంటిన చెయ్యి కొంగుకు తుడుచుకుంది. తల నిమిరింది.

"కట్టుండే దినాలు నాయన కొట్టడు. అందురూ సూస్తారని. మంచిగుంటాడు. బన్ను గూడా కొనిస్తాడు."

గంగాధరం గుడ్లు పట్టుకుని వగరుస్తూ వచ్చాడు. కుప్పమ్మ సొన తీసి ఆకులో కలుపుతూ, తల ఎత్తకుండా అంది: "ఈ ఎముక మొండిది నాయనా. మూడు కట్లకు నిలవదు. నాలుగు గావాల." ఇంకో ఎనిమిది రోజులు దొరికాయి. ఆ ఎనిమిది రోజులతో ఏం చెయ్యాలో అప్పటికి ఆమెకు తెలియదు.

నాలుగు కట్ల సంగతి ఆ పూటే మునివెంకటప్ప చెవిన పడింది. డెబ్బై ఏళ్ళ మనిషికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది.

"ఏం కుప్పా, మూడుకు నిలిచేదాన్ని నాలుగంటివంట?"

"బిడ్డను కొడతాండాడన్నా."

"మన చెయ్యి ఎముక దాకానే."

"నీ చేతి ఏళ్ళకు తెలీదా అన్నా, అది పడి ఇరిగిందో తిప్పి ఇరగ్గొట్టినారో?"

ఆయన లేచి వెదురు బద్దలు చెక్కుకోవడానికి పోయాడు. తెలుసు. ఆయన వేళ్ళు నేర్పిన చదువే కదా ఆమెది.

మూడో కట్టుకు పిల్లను తల్లి తీసుకొచ్చింది. బడిపిల్లల యూనిఫారాలు కుట్టాల్సినవి కుప్పగా ఉన్నాయట, టైలరుకు తీరలేదట. తల్లి సన్నగా, నవ్వీ నవ్వనట్టుగా ఉంది. కుప్పమ్మ కట్టు కట్టడం ముగించి, పిల్లను కోళ్ళ దగ్గరికి పంపి, తన ఎడమ మణికట్టు ఆమె ముందు చాపింది. రెండుసార్లు విరిగిన చోట ముడి ఇప్పటికీ ఉంది.

"కళ్ళంలో పడినానని సెప్పినానమ్మా అప్పుడు. పడలా."

తల్లి ఆ ముడి మీద వేలు పెట్టి చూసింది. ఏడవలేదు. కొంగు భుజం నిండా లాక్కుంది.

"మా అమ్మది నాయుడుపేట," అంది చివరికి. "ఒక్క కార్డుముక్క రాస్తే వస్తాది. యాడ రాసేది? పోస్టాఫీసు మా ఆయన మిషనుకు ఎదురుగానే ఉండాది. నేను ఆ మెట్టు ఎక్కితే నా ఎనకాలే వస్తాడు."

తన తల్లి పేరు భారతమ్మ అనీ, నాయుడుపేటలో ఫలానా వీధి అనీ రెండుసార్లు చెప్పి, పిల్లను తీసుకుని బస్సుకు పోయింది. కుప్పమ్మ ఆ వీధి పేరు మరిచిపోకుండా సాయంత్రం దాకా నోట్లో నానబెట్టింది. రాయడం రాదు. ఆ ఇంట్లో రాయగలిగింది ఒక్కడే.

కార్డు తెచ్చి మునివెంకటప్ప ముందు పెట్టింది. ఆయన కార్డు వంక చూశాడు, ఆమె వంక చూశాడు.

"ఇదెందుకే మనకు?"

ఇరవై ఎనిమిదేళ్ళుగా నాలుక కింద ఉన్న మాట అప్పుడు బయటికి వచ్చింది. "ఆ పొద్దు నన్ను ఇంగొక్కసారి అడిగింటే బాగుండునన్నా."

"అడిగింటే సెప్పేదానివా?"

"సెప్పేదాన్నో లేదో. ఎవురికో ఒకరికి తెలుసు అని ఉండేది నాకు. రెండోసారి ఇరగతాంటే, ఎవురికీ తెలీదు గదా అనుకుంటా ఇరగ్గొట్టించుకుంటి."

మునివెంకటప్ప కళ్ళజోడు తుడిచి తుడిచి పెట్టుకున్నాడు. కార్డు మీద నాలుగు వాక్యాలు రాశాడు. మీ కూతురికీ మనవరాలికీ మీ అవసరం ఉంది, వచ్చే బుధవారం పొద్దున మా ఇంటికి రావలసింది అని. రాసి ఇచ్చి, వేలు చూపించి మరీ చెప్పాడు. "కార్డు రాసినా. ఎముక గురించి మాత్రం అబద్ధమాడను. నా జన్మలో ఆడలేదు. ఎవురన్నా అడిగితే మూడు కట్లే అంటా. అది నీ తిప్పలు."

ఆ ఎనిమిది రోజులు కుప్పమ్మకు ఎనిమిదేళ్ళయ్యాయి. కార్డు చేరిందో లేదో. చేరినా చదివిపెట్టేవాళ్ళు ఉన్నారో లేదో. ఒకవేళ ముసలామె కంగారుపడి నేరుగా వడమాలపేటకు పోతేనో? అల్లుడి ముందు కార్డు బయట పెడితేనో? ఆ రాత్రికి ఆ ఇంట్లో ఏమవుతుంది? ఇంకో వంశీని తన చేతులతోనే తయారు చేస్తోందా తను? ఆకు నూరుతూ పొత్రం వేలి మీద వేసుకుంది. ఎవరో వృద్ధురాలికి ఎడమకాలికి బదులు కుడికాలికి కట్టబోయి తిట్లు తింది.

బుధవారం తొమ్మిది గంటలకే గంగాధరం పిల్లను తీసుకుని దిగాడు. భారతమ్మ జాడ లేదు. నాయుడుపేట నుంచి రావాలంటే బస్సులు మారాలి, కార్డు అందకపోతే మారేదేమీ లేదు. గంగాధరం ముఖంలో పాత తడి లేదు.

"పెద్దమ్మా, మూడు కట్లకే సాలంట గదా. బస్టాండులో నలుగురు సెప్పినారు. ఈ పొద్దు ఇప్పేయ్. బడిలో అయివారు రోజూ అడగతాండాడు, ఏమయింది ఏమయింది అని. నాకు తలకొట్టేసినట్టుంది."

"చూసి సెప్తా నాయనా. ముందు నాలుగు గుడ్లు తెచ్చి పెట్టు. ఇప్పినాక సొన పూయాల," అంది కుప్పమ్మ. అతను కాసేపు ఆమె వంకే చూశాడు. అనుమానించాడో ఏమో. కానీ పోయాడు.

అరగంట ఉంది. కుప్పమ్మ గుడ్డ చివర పట్టుకోగానే పిల్ల ఎడమచేత్తో ఆమె చెయ్యి పట్టేసుకుంది. ఎముక సరిచేసినప్పుడు కూడా అరవని పిల్ల ఇప్పుడు బతిమాలింది.

"ఇప్పొద్దవ్వా. నీకు దండం పెడతా, ఇప్పొద్దు."

"నొప్పి లేదు గదా బంగారూ, నయమైపోయినాది."

"నొప్పి లేదు. ఇప్పొద్దు." మళ్ళీ అంది. "మా అమ్మకు గూడా ఒకటి కట్టవా? అమ్మకు ఇరగలేదు. ఉత్తదే కట్టు. ఉత్తకట్టు కట్టినా కొట్టడు."

వెనక ఏదో చప్పుడయింది. గుమ్మంలో మునివెంకటప్ప నిలబడి ఉన్నాడు, చేతిలో బద్దలకట్ట జారి కింద పడి ఉంది. ఆయన వంగి వాటిని ఏరుకోలేదు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. లోపలికి పోయాడు. ఎముక గురించి అడిగితే ఆయన నిజమే చెబుతాడు. చెప్పి తీరతాడు.

గంగాధరం వచ్చాడు. గుడ్లు కింద పెట్టాడు. కట్టు అలాగే ఉండటం చూశాడు. కుప్పమ్మను దాటుకుని లోపలికి కేకేశాడు. "సామీ! నువ్వే సెప్పు సామీ. మూడు కట్లా, నాలుగా?"

వసారాలో కాళ్ళూ చేతులూ విరిగినవాళ్ళు పది మంది ఉన్నారు. అందరూ ఇటే చూశారు. మునివెంకటప్ప వచ్చాడు. పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కట్టు మీద నుంచే చెయ్యి పైనుంచి కింద దాకా తడిమాడు. పిల్ల ఆయన ముఖంలోకే చూస్తోంది.

"నాలుగు," అన్నాడు మునివెంకటప్ప.

అని లేవలేదు. ఇంకా చెప్పాడు, తడుముకోకుండా, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అబద్ధాలు ఆడుతున్నవాడిలాగా. "నాలుగు కట్టినా సాలదు. పథ్యం ఉండాది దీనికి. తావు మారాల. అవ్వగారిల్లు యాడప్పా? నాయుడుపేటా? ఆరునెల్లు ఆడుండాల. తల్లి పక్కనుండాల, ఎడమచేత్తో బిడ్డ తల దువ్వుకోలేదు గదా. పథ్యం తప్పితే చెయ్యి ఎండిపోతాది."

పుత్తూరు కట్టు పథ్యాన్ని కాదన్న మనిషి ఆ చుట్టుపక్కల పుట్టలేదు. చింతపండు మానమంటే ఏడాది మానేస్తారు. మునివెంకటప్ప గంగాధరం భుజం మీద చెయ్యి వేసి వసారా చివరికి, నీళ్ళతొట్టి దగ్గరికి నడిపించుకుపోయాడు. గొంతు బాగా తగ్గించాడు. కుప్పమ్మకు మాత్రం వినబడింది.

"నేను యాభై ఏండ్లుగా ఎముకలు పట్టి సూస్తాండా. ఏ చెట్టూ ఇట్ల ఇరగ్గొట్టదు. ఈడ పట్టుకోని ఇట్ల తిప్పితేనే ఇరగతాది." అతని జబ్బ పట్టుకుని కొంచెమే తిప్పి వదిలేశాడు. "నాకు తెలుసు. ఆ కుప్పమ్మకు తెలుసు. మీ అత్తకు కార్డు రాసినా. ఇంగ ఎంతమందికి తెలియాల్నో నీ చేతిలో ఉండాది. బిడ్డకు మళ్ళా ఇరిగితే పుత్తూరు స్టేషనుకు నేనే నడిచి పోతా."

గంగాధరం తొట్టి అంచు పట్టుకుని ఏడ్చాడు. నేను కావాలని చెయ్యలేదు సామీ, కోపం ఆగదు సామీ అన్నాడు. ఏడుపు నిజమే. చెయ్యి తిప్పిందీ ఆ మనిషే. రెండూ ఒక మనిషిలో ఉంటాయని కుప్పమ్మకు ఆ రోజు అర్థమైంది, ఏడుపు చూసి పిల్లను వెనక్కి పంపకూడదనీ అర్థమైంది.

పదకొండు దాటాక భారతమ్మ వచ్చింది, చెప్పులు చేత్తో పట్టుకుని, చెమటలు కక్కుకుంటూ. కార్డు ముందురోజు సాయంత్రమే అందిందట. మనవరాల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని కట్టు మీద ముద్దు పెట్టింది. అల్లుడి వైపు చూడలేదు. ఆ సాయంత్రమే మనవరాలితో వడమాలపేటలో దిగి కూతుర్ని వెంటబెట్టుకుని నాయుడుపేటకు పోయింది.

అంతా చక్కబడిపోయిందని చెప్తే అబద్ధమవుతుంది. ఆరునెలల పథ్యం మూడేళ్ళు సాగింది. గంగాధరం రెండుసార్లు పోయి పిలిచాడు, పథ్యం తీరలేదంది భారతమ్మ. పిల్ల అక్కడే బడికి పోయింది. ఏడాదికొకసారి కార్డు వస్తుంది, మునివెంకటప్ప చదివి వినిపిస్తాడు. చివరి గీత ఎప్పుడూ ఒకటే: చెయ్యి బాగుంది. రెండు చేతులూ బాగున్నాయి. కుప్పమ్మ ఆ గీత రెండుసార్లు చదివించుకుంటుంది. వంశీ గురించి మాత్రం ఏ కార్డూ రాలేదు.

రెండువేల ఒకటిలో ఒక రోజు కుప్పమ్మ జ్వరంతో లోపల పడుకుని ఉంది. వసారాలోకి ఎవరో ఒకామె ఐదేళ్ళ పిల్లవాణ్ణి తీసుకొచ్చింది. వాడి పిన్నమ్మట. మెట్ల మీద నుంచి జారాడట. మునివెంకటప్ప వేళ్ళతో చెయ్యి తడమడం, తడిమి ఆగిపోవడం కుప్పమ్మ కిటికీలోంచి చూసింది. ఆ పొద్దున ఏరిన గుడ్లు పదిహేను, బుట్టనిండా, ఆయన పక్కనే ఉన్నాయి. ఆయన భుజం మీది తుండు తీసి బుట్ట మీద కప్పాడు.

"గుడ్లయిపోయినాయమ్మా. రోడ్డు మింద అంగిట్లో దొరకతాయి, పొయ్యేసి రా."

ఆమె రోడ్డు ఎక్కేదాకా చూసి, ముసలాయన కష్టపడి కిందికి వంగి, పిల్లవాడి పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఇప్పుడు సెప్పు నాయనా," అన్నాడు రెండోసారి. "ఎట్ల ఇరిగింది?"